తార్ నుండి బేతార్‌కు: పట్టుపురుగుల గదిలో ఉష్ణ నియంత్రణ

ఉర్దూ భాషలో ‘తార్’ అంటే తీగ. పోగు అని కూడా అర్థం. ఒకప్పుడు తంతివార్తను సైతం ‘తార్’ అనే వ్యవహరించేవారు. తీగతో పని లేకుండా వార్తను చేరవేసే విధానం వచ్చినప్పుడు ఆ భాష దానికి ‘బేతార్’ అని పేరు పెట్టింది. తెలుగు పండితులు దానినే ‘నిస్తంత్రి’ అన్నారు. రెండు భాషలూ ఒకే విధంగా ఆలోచించి, లేనిదాని పేరుతోనే ఉన్నదానిని గుర్తించడం గమనింపదగినది. తీగ లేదన్న సంగతిని ఆ మాటలు చెపుతున్నాయి. తీగ ఇంతకాలం చేసిన పనిని ఇక ఎవరు చేస్తారన్న ప్రశ్నకు మాత్రం వాటిలో సమాధానం లేదు. ఆ సమాధానాన్ని ఒక చిన్న ఉదాహరణ ద్వారా వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. గోడకు బిగించిన తీగల థర్మోస్టాట్‌ను తొలగించి, దాని స్థానంలో నిస్తంత్రి థర్మోస్టాట్‌ను అమర్చడమే ఆ ఉదాహరణ.

థర్మోస్టాట్ అంటే ఉష్ణ నియంత్రకం. గదిలో వేడి తగ్గినప్పుడు హీటరును వెలిగించి, తగినంత వేడి రాగానే ఆర్పివేసే పరికరం. శీతల దేశాలలో ఇది ప్రతి ఇంటా మనుషుల సుఖం కోసం ఉంటుంది. అనంతపురం నుండి కదిరికి పోయే రహదారి మీద ఉన్న మన బత్తలపల్లిలో మనుషుల కోసం గదిని వెచ్చబరచవలసిన అవసరం అరుదు. అయితే ఇక్కడి నుండి ధర్మవరం, పెనుకొండ, హిందూపురం దాకా గల సీమలో మనిషికంటె సుకుమారమైన ప్రాణి ఒకటి ఇంటి పక్కనే పెరుగుతున్నది. అది పట్టుపురుగు. ధర్మవరం చీరకు మూలం అదే. హిందూపురం పట్టుగూళ్ళ మార్కెట్టుకు జీవం అదే. అందువలన ఈ విషయాన్ని మేము పట్టుపురుగుల గదికి అన్వయించి చెప్పదలచుకున్నాము.

పురుగు కోరే వేడి

పట్టుపురుగు తన ఒంటి వేడిని తాను నిలుపుకోలేని ప్రాణి. గది ఎంత వేడిగా ఉంటే దాని దేహమూ దాదాపు అంతే వేడిగా ఉంటుంది. గుడ్డు నుండి వెలువడినది మొదలు గూడు కట్టే వరకు దాదాపు నాలుగు వారాల కాలంలో అది నాలుగు సార్లు చర్మం విడుస్తుంది. రైతులు ఈ అవస్థను ‘జ్వరం’ అంటారు. ఈ స్వల్పకాలంలోనే పురుగు బరువు సుమారు 10,000 రెట్లు పెరుగుతుంది. ఇంత వేగంగా పెరిగే దేహానికి వాతావరణంలో కలిగే ఏ చిన్న మార్పు అయినా భారమే.

తొలి దశలోని చాకీ పురుగులకు 28 డిగ్రీల సెంటీగ్రేడు వేడి అనుకూలమని పట్టుపరిశ్రమ శాస్త్రజ్ఞులు నిర్ణయించారు. దశ మారినకొలదీ ఒక్కొక్క డిగ్రీ తగ్గిస్తూ వచ్చి, అయిదవ దశలో 24 డిగ్రీల వద్ద నిలపాలని వారి సూచన. గాలిలోని తేమ కూడా తొలి దశలో 85 శాతం ప్రాంతంలో మొదలై చివరి దశకు 70 శాతానికి దిగాలి. వేడి మితిమీరితే పురుగులకు వైరసు, బాక్టీరియా వలన కలిగే రోగాలు విజృంభిస్తాయి. చలి, చెమ్మ కలిసినప్పుడు బూజు జాతి రోగం వ్యాపించి, చచ్చిన పురుగు సున్నపుముద్దవలె గట్టిపడుతుంది. రోగం రాకపోయినా, చలికి పురుగు మేత తగ్గిస్తుంది. కొన్ని ముందుగా, కొన్ని వెనుకగా జ్వరానికి పడతాయి. పంట ఒక తీరున రాదు.

మన ప్రాంతపు వాతావరణం ఈ లెక్కకు లొంగేది కాదు. వేసవి పగళ్ళు 40 డిగ్రీలను తాకుతాయి. పుష్యమాసపు రాత్రులలో 20 డిగ్రీలకు దిగువనే ఉంటుంది. ఒక్కొక్క పట్టుచిలుక 400 నుండి 500 వరకు గుడ్లు పెడుతుంది. అటువంటి 100 చిలుకల గుడ్లు తెచ్చుకున్న కుటుంబం వద్ద 40,000 పైచిలుకు ప్రాణులు ఒకే గదిలో ఉంటాయన్నమాట. వాటి వెనుక మల్బరీ తోటకు పెట్టిన నీరు, ఎరువు, కూలి, తెచ్చిన అప్పు ఉంటాయి. ఆ గదిలో ఉష్ణమాపకాన్ని చూస్తూ తెల్లవార్లూ మేలుకొనేది చాలా ఇళ్ళలో ఆ ఇంటి ఇల్లాలే. థర్మోస్టాట్ విలువ తెలియాలంటే ఆమె నిద్ర విలువ తెలియాలి.

ఒక అధ్యాపకుని ఆలోచన

తన్ను తాను సరిదిద్దుకొనే యంత్రం అన్న భావన విద్యుత్తుకంటె చాలా పురాతనమైనది. తొమ్మిదవ శతాబ్దంలో బాగ్దాదు నగరంలో నివసించిన బనూ మూసా సోదరులు సుమారు 850లో రచించిన ‘కితాబుల్ హియల్’ అనే గ్రంథంలో, నీటిమట్టాన్ని తమంతట తామే అదుపు చేసుకొనే పాత్రలను వర్ణించారు. పదిహేడవ శతాబ్దారంభంలో డచ్చి దేశీయుడు కొర్నేలిస్ డ్రెబ్బెల్ కోడిగుడ్లను పొదిగించే పెట్టెకు వేడిని తానే సవరించుకొనే ఏర్పాటు చేశాడు. 1830లో ఆండ్రూ యూర్ అనే స్కాట్లండు రసాయన శాస్త్రవేత్త బట్టల మిల్లులలో వేడిని నిలకడగా ఉంచడానికై రెండు లోహాల పట్టీతో పనిచేసే థర్మోస్టాట్‌కు పేటెంటు పొందాడు. గుడ్లు, బట్టలు అనే ఈ రెండు అవసరాలూ మన పట్టు పరిశ్రమలో ఒకచోట చేరడం విశేషం.

గదికి అమర్చే విద్యుత్ థర్మోస్టాట్ మాత్రం ఒక కళాశాలలో పుట్టింది. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో వైట్‌వాటర్ నార్మల్ స్కూలు అధ్యాపకుడు వారెన్ జాన్సన్. అక్కడి సేవకుడు పాఠం మధ్యలో ప్రతి గదిలోకీ వచ్చి, వేడి చూసి, నేలమాళిగకు దిగి కొలిమిని సవరించేవాడు. పాఠానికి కలిగే ఈ అంతరాయాన్ని తొలగించాలని జాన్సన్ ఆలోచించి, గదిలోని వేడిని విద్యుత్తు ద్వారా నేలమాళిగలోని గంటకు తెలియజేసే పరికరాన్ని నిర్మించాడు. 1883లో దానికి పేటెంటు లభించింది. ఆ తొలి పరికరం కొలిమిని తాను ముట్టుకోలేదు. మనిషికి కబురు మాత్రమే చెప్పింది. థర్మోస్టాట్ ప్రధానంగా వార్తాహరుడే అన్న ఈ విషయాన్ని పాఠకులు గుర్తుంచుకోగలరు. మున్ముందు ఇది ఉపకరిస్తుంది.

తీగ ఉన్న పరికరం

పాత తరహా తీగల థర్మోస్టాట్‌లో రెండు వేరు లోహాలను అతికించిన ఒక పట్టీ ఉంటుంది. సాధారణంగా ఒకటి ఇత్తడి, మరొకటి ఇనుము, నికెలు కలిసిన ఇన్వార్ మిశ్రమం. వేడికి ఇత్తడి ఎక్కువ సాగుతుంది, ఇన్వార్ దాదాపు సాగదు. అందుచేత పట్టీ వంగి, విద్యుత్ వలయాన్ని తెంచుతుంది. హీటరు ఆగుతుంది. చల్లబడగానే పట్టీ తిరిగి నిటారై వలయం కలుస్తుంది. ఇందులో దాపరికం ఏమీ లేదు. తీగ తెగితే హీటరు ఆగుతుంది. ఎక్కడ తెగిందో వెదకి పట్టుకోవచ్చు.

అయినా పట్టుపురుగుల గదిలో దీనికి నాలుగు చిక్కులు ఉన్నాయి. ఒకటి, గోడమీది ఆ చిన్న పెట్టెలో 230 వోల్టుల విద్యుత్తు ప్రవహిస్తుంది. తేమకోసం నీళ్ళు చల్లే గదిలో తడిచేతితో దానిని తాకడం ప్రాణాపాయం. రెండు, పంట పంటకూ గదిని బ్లీచింగు పొడితోనూ సున్నంతోనూ శుద్ధి చేయవలసి ఉంటుంది. వాటి ప్రభావానికి లోపలి లోహపు ముక్కులు తినివేయబడతాయి. మూడు, ఎలుకలు తీగ తొడుగును కొరుకుతాయి. నాలుగు, తీగ ఎక్కడి దాకా వచ్చిందో అక్కడే పరికరం ఉంటుంది. చాకీ దశలో పురుగులు గదిలో ఒక మూల ఇమిడి, ఎదిగినకొలదీ గదినంతా ఆక్రమిస్తాయి. పరికరం గోడ వేడిని కొలుస్తున్నదే గాని తట్టలోని పురుగు అనుభవిస్తున్న వేడిని కొలవడం లేదు.

తీగ లేని పరికరం

1895లో కలకత్తా టౌన్‌హాలులో జగదీశ్ చంద్ర బోసు అదృశ్య విద్యుత్ తరంగాలను గోడలగుండా పంపి, దూరాన ఉన్న గంటను మ్రోగించి, తుపాకి మందును వెలిగించి చూపాడు. నిస్తంత్రి అనగానే మనకు మాటలు, పాటలు స్ఫురిస్తాయి. బోసు ఆనాడు చూపినది దూరాన ఒక పనిని జరిపించడం. నిస్తంత్రి థర్మోస్టాట్ చేసేదీ అదే.

ఇందులో రెండు భాగాలు ఉంటాయి. మొదటిది కొలిచి కబురు పంపేది. దీనిలో థర్మిస్టర్ అనే చిన్న వస్తువు ఉంటుంది. వేడి పెరిగినకొద్దీ విద్యుత్తుకు అది కలిగించే నిరోధం తగ్గుతుంది. ఆ మార్పునుబట్టి పరికరం వేడిని లెక్కకట్టి, సంకేతాన్ని ప్రసారం చేస్తుంది. రెండు చిన్న బ్యాటరీలు, అనగా 3 వోల్టులు, దీనికి చాలును. తడిచేయి తగిలినా ప్రాణభయం లేదు. రెండవది సంకేతాన్ని అందుకొనే భాగం. ఇది హీటరు స్విచ్చిబోర్డు పక్కన ఉంటుంది. లోపలి రిలే అనే విద్యుదయస్కాంతపు స్విచ్చి హీటరును వెలిగించి, ఆర్పుతుంది. 230 వోల్టుల విద్యుత్తు ఈ భాగానికే పరిమితం.

మనదేశంలో ఇటువంటి స్వల్పశక్తి పరికరాలకు లైసెన్సు అవసరం లేని తరంగ ప్రాంతాలు ఉన్నవి. 865 మెగాహెర్ట్జ్ పైప్రాంతం, 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతం వానిలోనివి. మొదటిదాని తరంగం పొడవు సుమారు 35 సెంటీమీటర్లు, రెండవదానిది సుమారు 12. ఇటుకగోడను ఇవి దాటగలవు. ఇనుప రేకును దాటలేవు. మందపు రాతిగోడలోనూ, తడి ఆకుల గుట్టలోనూ క్షీణిస్తాయి. రేకుల గోడలున్న షెడ్డులో రెండు భాగాలూ రేకుకు ఒకే వైపున ఉండాలన్న నియమం దీనినుండి ఏర్పడుతున్నది. విదేశాలనుండి బంధువులు తెచ్చిన పరికరమైతే మనదేశపు తరంగ ప్రాంతానికి చెందినదా కాదా అని ముందుగా విచారించుకోవాలి.

మార్చే విధానం

ఈ పనిని అర్హత గల వైర్‌మన్ చేతనే చేయించాలి. ఐనప్పటికీ పక్కన నిలిచి చూచేవారికి క్రమం తెలిసి ఉండడం క్షేమకరం.

మొదట మెయిన్ స్విచ్చిని ఆపి, ఫ్యూజు తీసి జేబులో వేసుకోవాలి. మరొకరు తెలియక తిరిగి పెట్టే అవకాశం అప్పుడు ఉండదు. పిమ్మట టెస్టరును పనిచేస్తున్న చోట ఒకసారి పరీక్షించి, అప్పుడే పాత పరికరం తీగలను పరీక్షించాలి. విప్పడానికి ముందు ఏ తీగ ఏ మరకు ఉన్నదో కాగితపు చీటీలు కట్టి గుర్తు పెట్టాలి.

పాత థర్మోస్టాట్‌కు చాలాచోట్ల రెండు తీగలే వస్తాయి. ఒకటి వచ్చే ఫేజు, రెండవది హీటరుకు పోయే ఫేజు. కొత్త గ్రాహకం తాను బ్రతకడానికి కూడా విద్యుత్తు కావాలి కాబట్టి దానికి న్యూట్రల్ తీగ అదనంగా అవసరం. పాత స్థానంలో న్యూట్రల్ లేకపోతే గ్రాహకాన్ని స్విచ్చిబోర్డు వద్దకే తరలించాలి. న్యూట్రల్ దొరకలేదని ఎర్తు తీగను వాడుకోవడం మహాపరాధం. ఎర్తు అనేది ప్రాణరక్షణకు ఉన్న మార్గం. దానిని పనికి పెట్టరాదు. విడిచిన పాత తీగల కొనలను గోడలో వ్రేలాడనీయక, బోర్డు వద్దనే పూర్తిగా విడదీయాలి.

తరువాత బరువు లెక్క. 2 కిలోవాట్ల హీటరు 230 వోల్టుల మీద దాదాపు 9 ఆంపియర్లు తీసుకుంటుంది. రెండు హీటర్లయితే 17 ఆంపియర్లు దాటుతుంది. శీతల దేశాల థర్మోస్టాట్ బాయిలరుకు కబురు చెప్పడానికే నిర్మించబడినది కావడం చేత, దానిలోని రిలే తరచుగా కొద్ది ఆంపియర్లకు మించి భరించలేదు. అటువంటి పరికరానికి హీటరును నేరుగా తగిలిస్తే రిలే ముక్కులు కరిగి అతుక్కుపోతాయి. అప్పుడు థర్మోస్టాట్ ‘చాలు’ అని ఎన్నిసార్లు చెప్పినా హీటరు ఆగదు. జాన్సన్ పరికరం కబురు మాత్రమే చెప్పిందన్న మాట ఇక్కడ ఉపకరిస్తుంది. గ్రాహకం చేత కాంటాక్టరు అనే పెద్ద స్విచ్చికి కబురు చెప్పించి, హీటరు భారాన్ని ఆ కాంటాక్టరు చేత మోయించాలి. వలయానికి తగిన ఎం.సి.బి.ని, 30 మిల్లీఆంపియర్లకే తెగిపోయే ఆర్.సి.సి.బి.ని తప్పక పెట్టించాలి. తడి గదిలో ఇది ఖర్చు కాదు, రక్షణ.

కొలిచే భాగాన్ని తట్టల మధ్య ఎత్తులో, హీటరుకూ తలుపుకూ ఎండకూ దూరంగా వ్రేలాడదీయాలి. వెలగడానికీ ఆరడానికీ మధ్య వ్యత్యాసం అర డిగ్రీ నుండి ఒక డిగ్రీ వరకు ఉంటే చాలు. మరీ తక్కువైతే హీటరు క్షణక్షణం వెలిగి ఆరుతుంది. కొన్ని పరికరాలలో వెచ్చబరచడానికీ చల్లబరచడానికీ వేరు వేరు అమరికలు ఉంటాయి. అవి తారుమారైతే వేడెక్కినకొద్దీ హీటరు వెలుగుతూనే ఉంటుంది. అందుచేత పురుగులను గదిలోకి తెచ్చే ముందు ఒక పగలూ ఒక రాత్రీ ఖాళీ గదిలో పరికరాన్ని నడిపి, గోడమీది ఉష్ణమాపకంతో సరిపోల్చాలి. ఈ పరికరం వేడిని మాత్రమే ఎరుగును, తేమను ఎరుగదు. తడి, పొడి బుడ్ల ఉష్ణమాపకం గోడమీద ఎప్పటివలెనే ఉండాలి.

మౌనానికి అర్థం

అన్నిటికంటె ముఖ్యమైన పరీక్ష ఇంకొకటి ఉన్నది. పెట్టె మీది కాగితంలో దీనిని చాలామంది చదవరు. హీటరు వెలుగుతూ ఉండగా కొలిచే భాగంలోని బ్యాటరీలను తీసివేయాలి. ఇప్పుడు గ్రాహకం ఏమి చేస్తుంది?

పరికరాలలో మూడు తెగలు కనిపిస్తాయి. కొంతకాలం కబురు రాకపోతే హీటరును ఆర్పివేసేవి ఒక తెగ. గంటకు కొన్ని నిమిషాలు చొప్పున వెలిగిస్తూ కాలం గడిపేవి రెండవ తెగ. చివరిగా విన్న ఆజ్ఞనే పట్టుకొని కూర్చునేవి మూడవ తెగ. ఈ మూడవది ‘వెలుగు’ అన్న ఆజ్ఞ విన్న పిమ్మట బ్యాటరీ అయిపోతే తెల్లవార్లూ వెలిగిస్తూనే ఉంటుంది. చలి వలన పురుగు ఎదుగుదల మందగిస్తుంది, పంట ఆలస్యమవుతుంది. మితిమీరిన వేడి వలన పంటయే దక్కదు. ఎండుటాకులూ వెదురు తట్టలూ ఉన్న గదిలో అగ్నిప్రమాదమూ సంభవించవచ్చు. కాబట్టి కబురు ఆగినప్పుడు హీటరు ఆరిపోయి, గంట మ్రోగే పరికరమే పట్టుపురుగుల గదికి తగినది. దానితోపాటు, 32 డిగ్రీలు దాటగానే తనంతట తాను వలయాన్ని తెంచే వేరొక చిన్న తీగల థర్మోస్టాట్‌ను హీటరు వద్ద కాపలాగా ఉంచడం మంచిది. కొత్తది వచ్చినంతమాత్రాన పాతదానికి పని లేదనరాదు.

అట్లే మెయిన్ స్విచ్చిని ఆపి తిరిగి వేసి చూడాలి. మన పల్లెలలో కరెంటు పోవడం, రావడం సర్వసాధారణం. కరెంటు వచ్చిన తరువాత రెండు భాగాలూ ఒకదానినొకటి గుర్తుపడుతున్నాయో లేదో రాత్రి రెండు గంటలకు తెలుసుకొనేకంటె పగలు తెలుసుకొనడం మేలు. బ్యాటరీలు మార్చిన తేదీని పెట్టె మీదనే వ్రాసి, సంవత్సరానికొకసారి, వీలైతే పంట మొదలుపెట్టే ముందు, కొత్తవి వేయాలి.

తీగ ఉన్న కాలంలో తెగిన తీగయే హీటరును ఆపేది. తీగ పోయిన పిమ్మట ఆ బాధ్యతను ఎవరికి అప్పగించామో మనకు తెలిసి ఉండాలి. నిస్తంత్రి పరికరం కొనేవారు ధరనూ రంగునూ విచారించే ముందు, ‘కబురు అందకపోతే ఇది ఏమి చేస్తుంది?’ అని అడగాలి. ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేని దుకాణంలో కొనకపోవడమే మంచిది.

రెండు భాషలలో ఒక చీటీ

భాషాసాహిత్యాలు బోధించే మాకు ఫ్యూజులతోనూ రిలేలతోనూ ఏమి పని అని కొందరు శంకించవచ్చు. పని ఉన్నది. ఈ పరికరాలతో వచ్చే సూచనల కాగితం చాలావరకు ఆంగ్లంలో ఉంటుంది. రాత్రి మేలుకొని పురుగులను కాచే తల్లికి ఆ కాగితం మూగది. మన సీమలో మల్బరీ సాగుచేసే ఇళ్ళలో తెలుగు వినిపిస్తుంది. గూళ్ళు ఉడికించి దారం తీసే ఇళ్ళలో, నేతకు దారం సిద్ధం చేసే ఇళ్ళలో ఉర్దూ కూడా వినిపిస్తుంది. పట్టుపోగు ఈ రెండు భాషల ఇళ్ళగుండా సాగి చీర అవుతున్నది.

కాబట్టి మేము కళాశాల సంఘం వారికి ఒక విన్నపం చేస్తున్నాము. మన విద్యార్థులు విజ్ఞానశాస్త్ర విభాగం అధ్యాపకుల పర్యవేక్షణలో పది వాక్యాల చీటీ ఒకటి తయారుచేయాలి. ఒక వైపు తెలుగు, రెండవ వైపు ఉర్దూ. ఏ దశలో ఎన్ని డిగ్రీలు ఉండాలి, గంట మ్రోగితే ఏమి చేయాలి, బ్యాటరీ ఎప్పుడు మార్చాలి, ఏ పెట్టెను తడిచేతితో తాకరాదు అన్న విషయాలు పెద్ద అక్షరాలతో అందులో ఉండాలి. హిందూపురం సమీపాన కిరికెరలో ఉన్న రాష్ట్ర పట్టుపరిశ్రమ పరిశోధనాసంస్థ వారికి చూపి, వారు సరియని అన్న తరువాతనే దానిని అచ్చు వేయించాలి. అచ్చుకయ్యే ఖర్చు స్వల్పం.

విద్యార్థులారా! మీలో అనేకుల ఇళ్ళలోనో, ఇరుగుపొరుగు ఇళ్ళలోనో ఆ గది ఉన్నది. ఈ సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఒకసారి అందులోకి పోయి, గోడమీది తీగ ఎక్కడినుండి వచ్చి ఎక్కడికి పోతున్నదో చూడండి. ఎర్తు ఉన్నదో లేదో వైర్‌మన్‌ను అడగండి. చదువుకున్న బిడ్డ ఇంటికి చేయగల మొదటి ఉపకారాలలో ఇది ఒకటి.